లోతు ఇటువైపే

నీళ్లు తోడేసిన కొలను చూస్తే ఆ ఊళ్లో పుట్టి పెరిగినవాళ్లకి కూడా ఒళ్లు ఝల్లుమంటుంది. గేటు తోసుకుని నాలుగడుగులు వేస్తే చాలు, కాళ్ల ముందే పెద్ద గుంట. మనిషి భుజాల మీద మనిషి నిలబడితే తప్ప అంచు అందదు. మోకాళ్ల లోతు ఉండేది అవతలి చివర, ప్రహరీ గోడ పక్కన, పిల్లులు తప్ప ఎవరూ తిరగని చోట. లోకంలో ఈతకొలను అన్నాక గేటు దగ్గర లోతు తక్కువ, పోనుపోను ఎక్కువ. ఈ ఊళ్లో మాత్రం అంతా తిరకాసు.

ఆ గుంట అడుగున కోడలు పాచి తోముతోంది. మొగుడి పాత చొక్కా తొడుక్కుని, తలకి తువ్వాలు చుట్టుకుని, ఇనప పళ్ల బ్రష్షుతో మూల మూలా రుద్దుతోంది. అంచు మీద కాళ్లు వేలాడేసి అత్త కూర్చుంది. చేతిలో పొడుగాటి వెదురు గడ. దాని కొనతో అక్కడా ఇక్కడా చూపిస్తోంది.

"ఆ మూల వదిలేశావ్."

"ఆ మూల నిన్ననే తోమానత్తయ్యా."

"నిన్న తోమింది నిన్నటి పాచి."

కోడలు పైకి చూడకుండా నవ్వుకుంది. ఈ అత్తతో వాదించి గెలిచినవాళ్లు ఊళ్లో లేరు. కాపరానికి వచ్చిన కొత్తలో తను నీళ్లంటే గజగజ వణికేది. మొదటి వేసవిలోనే కోడలి నడుముకి అత్త పటకా బిగించి, తాడు కట్టి, గడ చివర వేలాడదీసి లోతులోకి దింపింది. "కోడల్ని బావిలో తోసిన అత్తల గురించి విన్నాం గానీ, టిక్కెట్టు కొని మరీ తోసే అత్తని ఇప్పుడే చూస్తున్నాం" అని గట్టు మీద జనం నవ్వారు. ఆ వేసవి అయ్యేసరికి కోడలికి ఈత వచ్చింది. అత్త మీద అభిమానం కూడా అప్పుడే మొదలైంది.

ఊరందరికీ ఆవిడ కర్రమ్మ. అత్త గట్టు మీద నడుస్తుంది, గడ చివరి తాడుకి కట్టిన మనిషి నీళ్లలో కాళ్లూ చేతులూ ఆడిస్తాడు. మునిగితే గడ లేస్తుంది, తేలితే తాడు వదులవుతుంది. డాక్టరు, పోస్ట్‌మాన్, బడి పంతులమ్మ, టీ కొట్టు ఆసామి, అందరూ ఒకప్పుడు ఆ తాడుకి వేలాడినవాళ్లే. కొలను కట్టక ముందు అక్కడ ఇటుకబట్టీ వాళ్లు మట్టి తవ్వుకున్న గొయ్యి ఉండేది. వానలకి నిండేది. ఏటా ఎవరో ఒక తల్లి దాని ఒడ్డున కూలబడి ఏడ్చేది. ఇక చాలు, మన పిల్లలకి ఈత నేర్పుకుందాం అని ఊరు పట్టుబట్టి కట్టించుకున్న కొలను అది. కట్టిన కాంట్రాక్టరు ప్లాను కాగితాన్ని తలకిందులుగా పట్టుకున్నాడు. కాంక్రీటు గట్టిపడ్డాక గానీ లోతు గేటు దగ్గరికి వచ్చిందని ఎవరూ గమనించలేదు. అంతే, ఆయన బతికినన్నాళ్లూ తలకిందుల కాంట్రాక్టరే అయ్యాడు. "నయం, ఆ కాగితాన్ని ఇంకో తిప్పు తిప్పి ఉంటే నీళ్లు ఆకాశంలో ఉండేవి" అని ఇప్పటికీ పాతకాలం వాళ్లు తమలో తాము చెప్పుకుని పొట్ట పట్టుకుని నవ్వుతారు.

అత్తకి భుజం అరిగిపోయింది. చెయ్యి ఎత్తితే కీలు కటకటమంటుంది. ఈ వేసవి నుంచి గడ నీదేనని కోడలికి చెప్పేసింది. కోడలు పైకి "చూద్దాంలెండి" అంది గానీ, ఆ మాట విన్న రోజు నుంచి ఆమెకి కాలు నేల మీద నిలవడం లేదు. లారీ తోలే మొగుడు ఫోన్ చేసినప్పుడల్లా అదే చెబుతోంది. ఇన్నేళ్లూ పాచి తోమే మనిషి, టిక్కెట్లు చింపే మనిషి. ఇప్పుడు ఊరి పిల్లల ప్రాణాలు చేతిలో పెట్టుకోబోయే మనిషి.

అప్పుడే గేటు కిర్రుమంది. చైర్మన్ లోపలికి వచ్చాడు. పట్నంలో చదువుకుని వచ్చి ఇనప సామాన్ల కొట్టు పెట్టుకుని, రెండేళ్ల కిందట మున్సిపాలిటీ చైర్మన్ అయినవాడు. తలకిందుల కాంట్రాక్టరు ఒక్కగానొక్క కొడుకు. ఆయన అంచు దాకా రాకుండా దూరంగానే ఆగాడు. ఊళ్లో ఆ వయసువాళ్లలో ఈత రాని మనిషి ఆయనొక్కడే.

"తోమడం ఆపించండి పెద్దమ్మా" అన్నాడు అత్తతో. "ఈ వేసవికి తెరవడం లేదు. గేటు వైపు లోతంతా పూడ్చేసి ఒకే మట్టం చేయించేద్దామనుకుంటున్నాను. నడుం లోతు చాలు. ఎల్లుండి కౌన్సిల్లో పెడుతున్నాను."

బ్రష్షు చప్పుడు ఆగిపోయింది.

"నడుం లోతులో ఎవరు ఈత నేర్చుకుంటారండీ?" అంది కోడలు కిందనుంచి.

"మునగకుండా ఉంటే చాలు. పోయిన వేసవిలో కొత్త కాలనీ పిల్ల ఏమైందో మర్చిపోయావా?"

కోడలు ఎలా మర్చిపోతుంది? ఆ పిల్లని బయటికి లాగింది తనే. గేటు తెరవగానే పరుగెత్తుకొచ్చి, ఇక్కడే లోతు తక్కువనుకుని దూకేసింది. నీళ్లు కక్కించి, వీపు రుద్ది, తల్లి చేతికి అప్పగించాక తనకి రెండు రోజులు అన్నం సయించలేదు. ఆయన చెప్పే కారణం అబద్ధం కాదు. కానీ లోతు పోతే గడ ఎందుకు? గడ లేకపోతే తనెందుకు? మళ్లీ పాచి తోముకోవడానికే. గొంతు దాకా వచ్చిన ఏడుపు కోపంగా మారి బయటపడింది.

"మీ నాన్నగారు తలకిందులుగా కట్టారు, మీరు తిన్నగా పూడుస్తారా? ముందు ఆ కాగితం ఎటు పట్టుకోవాలో ఎవరినైనా అడిగి తెలుసుకోండి!"

గేటు దగ్గర చోద్యం చూస్తున్న టీ కొట్టు ఆసామి, పాలు పోసే అతను పకపక నవ్వారు. చైర్మన్ మొహంలో నెత్తురు చుక్క లేదు. వెనక్కి తిరిగి వెళ్లిపోయాడు.

కోడలు విజయగర్వంతో అత్త వంక చూసింది. అత్త ఆమె వంక చూడలేదు. గడ ఊతంగా లేచి, మాట్లాడకుండా ఇంటి దారి పట్టింది.

ఆ సాయంత్రం బజారులో కోడలికి నీరాజనాలు. "భలే అన్నావమ్మా" అని కూరగాయలమ్మి రెండు నిమ్మకాయలు కొసరు వేసింది. డాక్టరు స్కూటరు ఆపి మరీ, కౌన్సిల్ దగ్గరికి తామంతా వస్తామని, పూడ్చడం ఎలా జరుగుతుందో చూస్తామని చెప్పాడు. కోడలు పొంగిపోతూ ఇంటికి వస్తే, అత్త తలుపు వైపు వీపు పెట్టి పడుకుని ఉంది. పిలిస్తే పలకలేదు. అత్త తిడితే కోడలికి భయం లేదు, ఎదురు తిట్టొచ్చు. తిట్టకపోతేనే ఏం చెయ్యాలో తోచదు.

పొద్దున్న వాకిట్లో కూర్చుని అత్త కొత్త పటకా కుడుతోంది. దళసరి కాన్వాసు గుడ్డ, దబ్బనం, మైనం పట్టించిన దారం. కోడలు ఎదురుగా కూర్చుని దారానికి మైనం రాస్తూ ఇక ఉండబట్టలేకపోయింది.

"తప్పంటే తప్పని చెప్పండి. ఇలా మూగనోము పడితే నేను చచ్చిపోతాను."

అత్త దబ్బనం గుచ్చి, అవతలివైపు నుంచి లాగింది.

"కాలు జారితే తీసుకోవచ్చు. నోరు జారితే తీసుకోలేం. ఇది నీకు కొత్త సంగతేం కాదు."

"ఊరంతా అనే మాటేగా నేనన్నది?"

"ఊరంతా అనే మాట ఎవరు పుట్టించారో తెలుసా?"

కోడలు తల అడ్డంగా ఊపింది.

"ఆయనే. కాంట్రాక్టరే."

కోడలి చేతిలో మైనం ముద్ద ఆగిపోయింది. అత్త కుట్టు ఆపకుండానే చెప్పుకుపోయింది.

అప్పట్లో ఆవిడ ఆసుపత్రి వంటింట్లో పనిచేసేది. పుట్టింది ఏటి ఒడ్డున, నడక కంటే ముందు ఈత వచ్చింది. ఒక మధ్యాహ్నం వెనక గుమ్మం దగ్గర కాంట్రాక్టరు వచ్చి నిలబడ్డాడు. గడ్డం మాసి, కళ్లు గుంటలు పడి ఉన్నాయి. తప్పు నాదే, మొత్తం పగలగొట్టి మళ్లీ కడతానని కౌన్సిల్ కాళ్లావేళ్లా పడ్డాడట. వాళ్లు ఒప్పుకోలేదు. వేసవి వచ్చేసింది, తెరవాల్సిందే అన్నారు. ఆయన భుజం మీద వెదురు గడ ఉంది.

"'బావిలో బిందె పడితే గాలం వేసి తీస్తాం కదమ్మా, మనిషిని అలా పైనుంచి పట్టుకోలేమా?' అన్నాడు. గడ ఆయన ఆలోచనే. నేను పట్టుకున్నదాన్ని, అంతే. కొలను దగ్గరికి తీసుకెళ్లి తాడు తన నడుముకే కట్టుకున్నాడు. మీకు ఈత వచ్చా అని అడిగాను. రాదన్నాడు. రాకుండా ఎలా దిగుతారండీ అంటే, 'వస్తే ఇంక పరీక్ష ఎలా అవుతుంది? ఈ తాడుకి పిల్లల్ని కట్టబోతున్నాం' అన్నాడు. చొక్కా, పంట్లాముతోనే దిగిపోయాడు."

"దిగారా? ఆ లోతులోకి?"

"దిగాడు. బుడుంగున మునిగాడు. లాగాను. ముక్కులోంచి నోట్లోంచి నీళ్లు. ముడి జారుతోందన్నాడు, మార్చి కట్టాడు. మళ్లీ దిగాడు. మళ్లీ లాగాను. మొహం నీలంగా అయిపోయింది. చాలు బాబూ, మీకు దణ్ణం పెడతానన్నాను. ముడి కుదిరేదాకా వినలేదు. ఇప్పుడు నువ్వు కట్టే ముడి అదే."

కోడలు మైనం ముద్ద కింద పెట్టేసింది.

"మరి జోకు?"

"'లోతు ఇటువైపే' అని బోర్డు రాయించారు, ఇంత పెద్ద అక్షరాలతో. బోర్డు చదివి ఆగే పిల్లలు ఎక్కడైనా ఉన్నారా? మొదటి రోజే ఇద్దరు దూకబోయారు, జబ్బ పట్టి ఆపాను. ఆ సాయంత్రం ఆయన సెలూన్లో కూర్చుని, తన మీద తనే ఈ జోకు వేశాడట. నాలుగు రోజుల్లో ఊరంతా పాకింది. పాలు తాగే పిల్లాడికి కూడా తలకిందుల కొలను అంటే నవ్వే. గేటు దగ్గరికి రాగానే ముందు నవ్వేవాళ్లు, తర్వాత ఆగేవాళ్లు. 'చూశావా, నన్ను చూసి నవ్వుతున్నంతకాలం లోతు ఎటుందో వీళ్లు మర్చిపోరు' అన్నాడు నాతో. ఎక్కడా నోరు విప్పొద్దన్నాడు. నిజం తెలిస్తే జాలిపడతారు గానీ నవ్వరని."

"కొడుక్కయినా చెప్పొచ్చు కదా?"

"పసివాడు, మనసులో మాట దాచుకోలేడు, పెద్దయ్యాక చెబుతానన్నాడు. ఆ పెద్దయ్యేలోపు ఆయనే పోయాడు. ఈ అబ్బాయి ఊళ్లోవాళ్ల నవ్వు భరించలేక పట్నం చదువుకి వెళ్లిపోయాడు. తిరిగొచ్చి చైర్మన్ అయ్యాక మర్యాద కోసం అందరూ ఆ మాట పైకి ఎత్తడం మానేశారు. కొత్త కాలనీ వాళ్లకి చెప్పే దిక్కు లేదు. ఆ పిల్ల అందుకే దూకింది."

అత్త దారం పంటితో తెంచింది. ఆవిడ కళ్లు తడిగా ఉన్నాయి.

"నిన్న నువ్వామాట అన్నప్పుడు అతని మొహం చూశాను. బళ్లో చదివేటప్పుడు ఎలా ఉండేదో అలాగే ఉంది. తండ్రి మాట నిలబెడుతున్నాననుకుని ఆ బిడ్డ చేత ఇన్నేళ్లు ఈ నవ్వంతా మోయించాను. చాలనిపించింది. వెళ్లి చెప్పు."

"నేనా? మీరు చెబితే బాగుంటుంది కదా అత్తయ్యా."

"నోరు జారింది ఎవరు?"

ఇనప సామాన్ల కొట్టులో చైర్మన్ పైపుకి మర కోస్తున్నాడు. కోడల్ని చూసి తల వంచుకుని పని చేసుకుంటూనే ఉన్నాడు. క్షమాపణ చెప్పి ఉద్యోగం కాపాడుకోవడానికి వచ్చిందనుకున్నాడేమో, "అందులో నా సొంతం ఏమీ లేదమ్మా, పిల్లల క్షేమం" అన్నాడు ముక్తసరిగా.

కోడలు నిలబడే చెప్పింది. అత్త చెప్పినంత బాగా చెప్పడం రాక, ముందుది వెనకా వెనకది ముందూ చేసి, ముడి దగ్గరికి వచ్చేసరికి చేతులతో గాల్లో కట్టి చూపించింది. మర కోసే పిడి తిరుగుతూ తిరుగుతూ మెల్లగా ఆగింది.

ఆయన పిడి వదిలేశాడు. చేతులకి అంటిన నూనె గుడ్డతో తుడుచుకున్నాడు. తుడిచిన చేతినే మళ్లీ తుడిచాడు.

"బళ్లో నా పుస్తకాలన్నీ తిరగేసి పెట్టేవాళ్లు" అన్నాడు చివరికి. "ఒకసారి ఒకణ్ణి కొట్టి ఇంటికెళ్లాను. మా నాన్న నన్ను చెంప మీద కొట్టాడు. జన్మలో ఆ ఒక్కసారే. 'నవ్వనీరా, వాళ్లని నవ్వనీ' అన్నాడు. కొట్టి తనే ఏడ్చాడు. ఎందుకేడ్చాడో నాకు ఇవాళ్టి దాకా తెలియలేదు."

కోడలు కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"అంత మాటన్నందుకు నన్ను క్షమించండి బాబూ."

"పూడ్చను" అన్నాడాయన. "ఎలా పూడుస్తాను? ఆయన దిగిన చోటు అది." ఉన్నట్టుండి గొంతు పెరిగింది. "తెరిచే రోజు ఊరంతా వస్తారుగా. మైకు పెట్టించి చెబుతాను మా నాన్న ఎవరో. ఒక్కడు కూడా మళ్లీ నవ్వడానికి వీల్లేదు!"

నవ్వకపోతే ఎలా అని కోడలి నాలుక చివరి దాకా వచ్చింది. మింగేసింది. నలభై ఏళ్ల బరువు దించుకుంటున్న మనిషికి దించొద్దని చెప్పడానికి ఆమెకి నోరు రాలేదు.

ఇంటికి వచ్చి ఆ సంగతి చెబితే అత్త తలాడించింది. "చెప్పుకోనీ. అతని తండ్రి, అతని హక్కు. పిల్లల సంగతి మనం చూసుకుందాం. ఇన్నాళ్లూ రెండు కళ్లు పెట్టుకున్నాం, ఇకనుంచి నాలుగు పెట్టుకుందాం."

పూడ్చే విషయం కౌన్సిల్లో అసలు రానే లేదు. ఊరికి భయపడి తోక ముడిచాడని టీ కొట్టు దగ్గర తేల్చేశారు. భలే కోడలు, భలే దెబ్బ కొట్టిందని వీపు చరిచారు. కోడలు తలొంచుకుని టీ తాగి వచ్చేసింది.

తెరిచే రోజుకి కొలను నిండింది. పొద్దున్న ఎండ పడి అడుగు దాకా కనిపిస్తూ, చూసినవాళ్లకి అక్కడ లోతే లేదనిపించేలా తళతళలాడుతోంది. జనం గట్టు చుట్టూ కిక్కిరిశారు. ముందు వరసలో కొత్త కాలనీ పిల్లలు, కొత్త ఈత బట్టల్లో. ఒకళ్లనొకళ్లు తోసుకుంటూ, కాలివేళ్లు అంచు దాటించి నీళ్లని ముట్టి చూస్తున్నారు. అత్త గేటు పక్కన కుర్చీ వేసుకుని కూర్చుంది. గడ కోడలి చేతిలో ఉంది. ఇన్నాళ్లు కలలు కన్న బరువు, తీరా చేతికి వచ్చాక అరచేతులకి చెమటలు పట్టిస్తోంది.

చైర్మన్ మైకు ముందుకి వచ్చాడు. ఇస్త్రీ చొక్కా, చేతిలో ఉపన్యాసం కాగితం. కోడలికి ఆయన చెప్పబోయేది తెలుసు. ఊరు నిశ్శబ్దమైపోతుంది, కొందరు ఏడుస్తారు, తనూ ఏడుస్తుంది. ఆయన తల ఎత్తుకుని ఇంటికి వెళతాడు.

"ఈ కొలను మా నాన్న కట్టాడు" అన్నాడు చైర్మన్.

జనం సర్దుకుని నిలబడ్డారు. పాతవాళ్లు ఇబ్బందిగా ఒకళ్ల మొహాలు ఒకళ్లు చూసుకున్నారు.

"మా నాన్న గురించి మీకు తెలియని సంగతి ఒకటి..." అంటూ ఆగాడు.

ఆయన కళ్లు ముందు వరస మీద పడ్డాయి. ఒక పిల్ల రెండు చేతులూ ముందుకి చాపి, దూకడానికి వంగి, ఈ ఉపన్యాసం ఎప్పుడవుతుందా అని ఎదురుచూస్తోంది. చైర్మన్ ఆ పిల్ల కాళ్ల వంక చూశాడు. నీళ్ల వంక చూశాడు.

"సంగతేంటంటే" అన్నాడు, మైకుని గట్టిగా పట్టుకుని, "మా నాన్నకి కాగితం ఎటు పట్టుకోవాలో తెలియదు!"

సొంత కొడుకు నోట ఆ మాట విని టీ కొట్టు ఆసామి నోరు తెరిచేశాడు.

"ప్లానుని ఇలా పట్టుకున్నాడు" అంటూ చైర్మన్ తన చేతిలోని ఉపన్యాసం కాగితాన్ని తలకిందులుగా పట్టుకుని, కళ్లు చిట్లించి, తల పక్కకి వంచి చదువుతున్నట్టు నటించాడు. ముందు వరసలో ఒక పిల్ల కిసుక్కుమంది. "లోతుని తెచ్చి గేటు దగ్గర పెట్టాడు. నయం, ఇంకో తిప్పు తిప్పి ఉంటే నీళ్లు ఆకాశంలో ఉండేవి! ఆయన్ని ఏమనేవాళ్లో తెలుసా? తలకిందుల కాంట్రాక్టరు!"

పిల్లలు విరగబడి నవ్వారు. వెనక పాతవాళ్లు కూడా, ఇక మర్యాద అక్కర్లేదని తేలిపోయాక, కడుపారా నవ్వారు. చైర్మన్ మళ్లీ కాగితం తిప్పి చూపించాడు, మళ్లీ నవ్వారు.

"ఇంతకీ లోతు ఎటుంది?"

"ఇటే!" అని అరిచారు పిల్లలు. కాలివేళ్లు అంచు నుంచి వెనక్కి జరిగాయి.

కోడలికి కళ్లు మసకబారాయి. పక్కకి చూస్తే కుర్చీలో అత్త రెండు చేతులూ జోడించి, నవ్వుతున్న జనం మధ్య నిలబడ్డ ఆ మనిషికి దణ్ణం పెడుతోంది. ఆయన చూడలేదు. మైకు వదిలి వచ్చి, జనంలో కలవకుండా, కొలనుకి కాస్త దూరంలో నిలబడిపోయాడు.

ఇందాక దూకబోయిన పిల్ల మొదటగా కోడలి ముందుకి వచ్చింది. కోడలు వంగి పటకా బిగించి, తాడు తీసి ముడి వెయ్యడం మొదలుపెట్టింది. పిల్ల ఇంకా నవ్వు ఆపుకోలేకపోతోంది.

"ఆంటీ, నిజంగానే ఆ కాంట్రాక్టరు అంత తెలివితక్కువవాడా?"

కోడలు తలెత్తింది. చైర్మన్‌కి ఆ ప్రశ్న వినపడింది. ఆయన కోడలి వంకే చూస్తున్నాడు, ఏం చెబుతుందోనని.

"అవునమ్మా" అంది కోడలు ముడి లాగి చూసుకుంటూ. "అలాంటి మనిషి ఈ ఊళ్లో మళ్లీ పుట్టలేదు. పద, దిగు."